స్వస్థత రాని వాళ్ల చేతికి కూడా మైక్ ఇవ్వండి: కాపరులకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాస్టర్లకు, సంఘ పెద్దలకు, ప్రార్థన బృందాలను నడిపించే అన్నలకు, అక్కలకు, ప్రభువు పేరట వందనాలు.

మీరు పడే కష్టం నేను చూస్తూనే ఉన్నాను. అర్ధరాత్రి ఎవరింట్లో ఏం జరిగినా ముందు ఫోన్ మోగేది మీ ఇంట్లోనే. అందుకే ఈ మాటలు ముందు మీకే, నాలుగు గోడల మధ్యే చెప్పాను. రెండు ఉత్తరాలు రాశాను, ఒకసారి పెద్దల ముందు కూర్చుని నోటితో కూడా చెప్పాను. మొదటి ఉత్తరానికి జవాబే రాలేదు. రెండోదానికి "మీ గురించి ప్రార్థన చేస్తున్నాం సిస్టర్" అని మెసేజ్ వచ్చింది. నేను ప్రార్థన చేయమని రాయలేదండీ, శ్రమల్లో ఉన్నవాళ్లతో మీరు మాట్లాడే ఒక మాటను మార్చుకోమని రాశాను. ఆ తర్వాత వేరే వేరే సంఘాలకు వెళ్లే కొందరితో మాట్లాడితే అందరిదీ ఇదే గోడు అని తెలిసింది. ఇక అందరికీ కనబడేలా రాయడం తప్ప దారి లేదనిపించింది.

జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా ఆయనకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. నాలుగేళ్లు డయాలసిస్ మీద ఉన్నారు. వారానికి మూడుసార్లు, వెళ్లిన ప్రతిసారీ నాలుగు గంటలు. నీళ్లు కూడా కొలిచి తాగాలి. దాహానికి నిద్రపట్టక అర్ధరాత్రి మంచం మీద లేచి కూర్చుని ఖాళీ గ్లాసు చేతిలో తిప్పుతూ ఉండేవారు. సూదులు గుచ్చడానికి వీలుగా ఎడమ చేతికి ఫిస్టులా వేశారు, అంటే లోపల ధమనినీ సిరనూ కలిపి కుట్టే ఆపరేషన్. అది సరిగ్గా పనిచేస్తుంటే చర్మం మీద వేలు పెట్టగానే లోపల జివ్వుమని సన్నగా అదురుతుంది. రోజూ పొద్దున్నే ఆయన నా వేళ్లు తీసుకుని అక్కడ పెట్టేవారు. "ఇంకా మోగుతోంది, చూడు" అనేవారు. ఆ తర్వాతే మా ఉదయ ప్రార్థన.

ఒక సాయంత్రం ప్రార్థన బృందం ఇంటికొచ్చింది. ఆయన అప్పుడే డయాలసిస్ చేయించుకొచ్చి లేవలేని నీరసంతో పడుకున్నారు. ప్రార్థన అయ్యాక ఒకరు అన్నారు, "బ్రదర్, ఒప్పుకోని పాపం ఏదో ఉంది, లేకపోతే ఇన్నాళ్ల ప్రార్థనకు జవాబు రాకుండా ఉంటుందా" అని. ఇంకొకరు, "మీరు మెషీన్‌ను నమ్ముతున్నారా, యేసయ్యను నమ్ముతున్నారా?" అన్నారు. మంచి ఉద్దేశంతోనే అని ఉంటారు, నేను కాదనను. కానీ వాళ్లు వెళ్లాక ఆ రాత్రంతా మా ఆయన నిద్రపోలేదు. తెల్లవారుజామున నన్ను లేపి, "చిన్నప్పుడు బళ్లో పక్కవాడి పెన్ను దొంగిలించాను, మా నాన్న కొట్టినా ఒప్పుకోలేదు. అదేనంటావా?" అని అడిగారు. యాభై దాటిన మనిషి అండీ. అరవై రోజులో ఆరు వందల రోజులో మనకు తెలియదు గానీ, ఆయనకు మిగిలిన రోజుల్లో ఒక రాత్రిని ఆ పెన్ను తినేసింది.

తర్వాతి డయాలసిస్‌కు ఆయన వెళ్లనన్నారు. "విశ్వాసంతో నిలబడతాను" అన్నారు. నేను బతిమాలాను, ఏడ్చాను, చివరికి నేనే దేవుడికి అడ్డుపడుతున్నానేమో అని భయపడి నోరు మూసుకున్నాను. ఆ తప్పు నాది, దాన్ని ఎవరి మీదా తోయను. కిడ్నీలు పనిచేయనివాళ్లకు డయాలసిస్ తప్పిపోతే ఒంట్లో నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది, పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. మూడో రోజు రాత్రి ఆయనకు ఊపిరి ఆడలేదు. ఎమర్జెన్సీకి తీసుకెళ్తే ఇంకొంచెం ఆలస్యమైతే గుండె ఆగిపోయేది అన్నారు డాక్టర్లు. దేవుడి దయవల్ల ఆ రాత్రి గడిచింది. ఆ తర్వాత ఆయన ఇంకో ఏడాదిన్నర బతికారు.

ఆ ఏడాదిన్నరలోనే నేను విశ్వాసం అంటే ఏమిటో దగ్గరగా చూశాను. చివరి నెలల్లో పెద్ద ప్రార్థన చేసే శక్తి లేదు. కళ్లు మూసుకుని "ప్రభువా, నేను ఇక్కడే ఉన్నాను" అని మాత్రం అనేవారు. ఒక్కోరోజు అది కూడా కోపంగానే అనేవారు. అయినా అనడం మానలేదు. ఒక ఆదివారం సాక్ష్యాల సమయంలో, అంటే దేవుడు తమకు చేసింది విశ్వాసులు అందరి ముందు చెప్పుకునే వేళ, చెయ్యి ఎత్తారు. మైక్ పట్టుకున్న పెద్దాయన దగ్గరకొచ్చి భుజం తట్టి, "స్వస్థత వచ్చాక చెబుదురు బ్రదర్" అని నవ్వుతూ ముందుకు వెళ్లిపోయారు.

నా ఫిర్యాదు అంతా ఆ ఒక్క మాట మీదే. దానివల్ల మామూలు విశ్వాసుల ఇళ్లలో ఏం జరుగుతోందో మీకు తెలియాలి.

1. జబ్బుపడ్డవాళ్లు మందులు ఆపేస్తున్నారు. మీరు నేరుగా ఆపమనకపోవచ్చు. "విశ్వాసం ఉంటే మందులెందుకు?" అని పక్కవాళ్లు అంటుంటే మీరు మౌనంగా ఉన్నా చాలు, ఆపేస్తారు. ఇన్సులిన్ మీదే బతికేవాళ్లు అది ఆపితే రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది. మూర్ఛ మందులు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ తిరగబెడతాయి. డిప్రెషన్ మందులు డాక్టర్‌ను అడక్కుండా ఆపినవాళ్లు ఎక్కడిదాకా వెళ్తారో నేను వేరే చెప్పక్కర్లేదు. "నీలో సంతోషం లేదంటే పరిశుద్ధాత్మ లేనట్టే" అని ఒక అమ్మాయితో అన్నారట. ఆ పిల్ల ఇప్పుడు మందిరానికీ రావడం లేదు, డాక్టర్ దగ్గరకూ వెళ్లడం లేదు.

2. మనుషులు నటించడం నేర్చుకుంటున్నారు. ఉద్యోగం పోయి ఆరు నెలలైనా "ఎలా ఉన్నారు?" అంటే "దేవుని కృప, చాలా బాగున్నాం" అంటారు. ఇంట్లో టెన్షన్‌తో చచ్చిపోతుంటారు. నిజం చెబితే విశ్వాసం తక్కువ అనుకుంటారని భయం. ఏడుపొస్తే ఏడవగలిగే చోటు మందిరం అవ్వాలి గానీ, ముఖం కడుక్కుని రావలసిన చోటు అయిపోయింది.

3. బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు, పిల్లలు లేనివాళ్లు, భర్త వదిలేసినవాళ్లు మెల్లగా వెనక వరసకు చేరి, తర్వాత గుమ్మం దాకా వెళ్లి, ఒకరోజు రావడం మానేస్తారు. "వాళ్లు విశ్వాసం నుంచి తొలగిపోయారు" అని మనం చెప్పుకుంటాం. వాళ్లు తొలగిపోయింది దేవుడి నుంచి కాదు, మన మాటల నుంచి.

4. పిల్లలు చూస్తున్నారు. వాళ్ల నాన్న మంచం మీద ఉండి కూడా ప్రార్థించడం చూశారు, అదే నాన్నను పాపి అనడం కూడా విన్నారు. మా చిన్నోడు నన్ను అడిగాడు, "అమ్మా, నాన్న తప్పు చేశాడా, దేవుడు తప్పు చేశాడా?" అని. ఈ రెండే దారులు ఉన్నాయని వాడికి నేర్పింది మనమే.

ఇక వాక్యం దగ్గరకు వద్దాం, ఎందుకంటే మీరు నాకు నేర్పిందే వాక్యం దగ్గరకు రమ్మని.

యాకోబు పత్రిక 5వ అధ్యాయం మీరు నాకు చూపించారు. రోగి సంఘ పెద్దలను పిలిపించాలి, వాళ్లు నూనె రాసి ప్రార్థించాలి, విశ్వాసంతో చేసే ప్రార్థన రోగిని స్వస్థపరుస్తుంది. నమ్ముతున్నాను. దేవుడు బాగుచేస్తాడని ఇప్పటికీ నమ్ముతున్నాను, బాగైనవాళ్లు సాక్ష్యం చెబితే నా కళ్లూ చెమరుస్తాయి. కానీ అదే అధ్యాయంలో మూడు వచనాల ముందు యాకోబు ఎవరి పేరు ఎత్తాడు? ఏ తప్పూ చేయకుండానే అన్నీ పోగొట్టుకున్న యోబు పేరు. యోబు సహనం గురించి మీరు విన్నారు కదా అంటాడు. ఆ రెండూ పక్కపక్కనే రాసిన మనిషి ఒకటి తీసుకుని ఒకటి వదిలేయమని రాయలేదు.

యోబు స్నేహితులు మొదట మంచిపనే చేశారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితోపాటు నేల మీద కూర్చున్నారు, ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ వారం వాళ్లను మించిన ఆదరణకర్తలు లేరు. చెడింది నోరు తెరిచాకే. నువ్వేదో పాపం చేసుంటావు, ఒప్పుకో, అంతా సర్దుకుంటుంది అని అధ్యాయాలకు అధ్యాయాలు వాదించారు. చివరికి 42వ అధ్యాయంలో దేవుడు ఎవరి మీద కోపపడ్డాడు? దేవుణ్ణి నిలదీసిన యోబు మీద కాదు, దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకుని మాట్లాడిన ఆ స్నేహితుల మీద. యోబు ప్రార్థన చేస్తేనే వాళ్లకు క్షమాపణ దొరికింది. మా ఇంటికొచ్చిన బృందం ఈ అధ్యాయం ఒక్కసారి చదువుకుని వచ్చుంటే బాగుండేది.

పుట్టు గుడ్డివాడిని చూసి శిష్యులు కూడా ఇదే ప్రశ్న అడిగారు, ఎవరి పాపం అని. "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అన్నాడు ప్రభువు. బేతెస్ద కోనేటి దగ్గర 38 ఏళ్లుగా పడి ఉన్న మనిషిని బాగుచేశాడు. తనను బాగుచేసింది ఎవరో కూడా ఆ మనిషికి అప్పటికి తెలియదు. ఇక అతని విశ్వాసాన్ని ఏ తూకంతో తూస్తాం? మరోవైపు పౌలు తన శరీరంలో ముల్లు తీసేయమని ముమ్మారు వేడుకున్నాడు, ముల్లు పోలేదు, "నా కృప నీకు చాలును" అనే మాట వచ్చింది. ఎంతోమందిని బాగుచేసిన అదే పౌలు తన తోటివాడైన త్రోఫిమును మిలేతులో రోగిగానే వదిలి వచ్చానని తిమోతికి రాశాడు. ఆ తిమోతికేమో కడుపు జబ్బు, తరచూ ఒంట్లో బాగుండదు. త్రోఫిముకు విశ్వాసం చాలలేదని పౌలు ఒక్క ముక్క రాయలేదు.

అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయంలో జైల్లో ఉన్న పేతురు సంకెళ్లు ఊడిపడ్డాయి, దూత వచ్చి బయటికి నడిపించాడు. ఈ భాగం మీద ఎన్ని ప్రసంగాలు విన్నానో లెక్కలేదు. అదే అధ్యాయం రెండో వచనంలో యోహాను సహోదరుడైన యాకోబును హేరోదు రాజు కత్తితో చంపించాడు. ఆ వచనం మీద ఒక్క ప్రసంగం కూడా నేను వినలేదు. ఆ రోజు యాకోబు ఇంట్లోవాళ్లు పేతురు సాక్ష్యం వింటూ ఎలా కూర్చున్నారో అని ఇప్పుడు ఆలోచిస్తుంటాను.

అన్నిటికంటే నన్ను నిలబెట్టింది హెబ్రీయులకు రాసిన పత్రిక 11వ అధ్యాయం. సింహాల నోళ్లు మూయించినవాళ్లు, కత్తి వాతనుంచి తప్పించుకున్నవాళ్లు, చనిపోయిన తమవాళ్లను తిరిగి పొందిన స్త్రీలు, ఇదంతా విశ్వాసం వల్లే. వెంటనే, ఊపిరి తీసుకోకుండా, కొరడా దెబ్బలు తిన్నవాళ్లు, రాళ్ల దెబ్బలు తిన్నవాళ్లు, రంపాలతో కోయబడినవాళ్లు. వాళ్లదీ విశ్వాసమే. 39వ వచనంలో వీళ్లందరూ తమ విశ్వాసం ద్వారా "సాక్ష్యము పొందినవారు" అని ఉంది, అయినా వాగ్దానం చేసింది వాళ్ల చేతికి అందలేదని కూడా అక్కడే ఉంది. చూశారా, వాగ్దానం అందనివాళ్లకు బైబిలు సాక్ష్యం ఇచ్చింది. మా ఆయనకు మాత్రం మైక్ దొరకలేదు.

150 కీర్తనల్లో ఎన్ని మొరలున్నాయో మీకు నాకంటే బాగా తెలుసు. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని దావీదు అడగగా లేనిది మేం అడిగితే అవిశ్వాసం ఎలా అవుతుంది? 88వ కీర్తన అయితే చివరిదాకా వెలుతురే రాదు, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. మా ఆయన బైబిల్లో ఆ పేజీ అంచు నలిగి మెత్తబడిపోయింది. ఆ కీర్తన అక్కడ ఉన్నందుకు ఆయన దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకునేవారు, ఎందుకంటే తనలాంటివాడి ప్రార్థనకు కూడా పరిశుద్ధ గ్రంథంలో ఒక పేజీ ఉందని.

సేవకుల్లో కూడా ఇలాంటివాళ్లు ఉన్నారు కదా. అమెరికా మిషనరీ అడోనిరామ్ జడ్సన్ 1813లో బర్మాలో (ఇప్పటి మయన్మార్) అడుగుపెట్టాడు. మొదటి బర్మీయుడు బాప్తిస్మం తీసుకునేసరికి 1819. ఆరేళ్లు. తర్వాత 1824లో యుద్ధం వచ్చి జైల్లో పడి ఏడాదికి పైగా సంకెళ్లలో ఉన్నాడు. 1826లో భార్య ఆన్ చనిపోయింది, కొన్ని నెలలకే రెండేళ్ల పాప కూడా పోయింది. ఆ దుఃఖంలో అడవిలో గుడిసె వేసుకుని, ఒక గొయ్యి తవ్వుకుని, దాని పక్కన కూర్చుని ఉండేవాడు. దేవుణ్ణి నమ్ముతున్నాను గానీ ఆయన నాకు కనబడడం లేదు అని రాసుకున్నాడు. అదే మనిషి 1834లో బైబిలంతా బర్మా భాషలోకి అనువదించడం పూర్తిచేశాడు. ఆ గొయ్యి పక్కన కూర్చున్న రోజుల్లో ఆయన మన ప్రార్థన కూడికకు వచ్చుంటే మనం ఏమని ఉండేవాళ్లం? దయచేసి ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకోండి.

నేను అడిగేవి పెద్దవి కావు, డబ్బుతో పనీ లేదు.

1. రోగి మంచం దగ్గర "ఒప్పుకోని పాపం" అనే మాట ఎవరూ ఎత్తకూడదని ప్రార్థన బృందాలకు గట్టిగా చెప్పండి. పాపం ఒప్పుకోవాలని ఉంటే ఆ మనిషే నోరు తెరుస్తాడు, అప్పుడు వినండి. పరిశోధన మన పని కాదు.

2. మందులు, డయాలసిస్, ఇంజెక్షన్లు, ఆపరేషన్లు ఆపమని ఎవరూ ఎవరికీ చెప్పకూడదు. ఇది పుల్పిట్ మీద నుంచి, అందరూ వినేలా, మీ నోటితో రావాలి. బాగయ్యామని ఎవరైనా అనుకుంటే డాక్టర్‌కు చూపించుకుని అప్పుడే ఆపమనండి. కుష్ఠరోగిని బాగుచేశాక ప్రభువు కూడా వెళ్లి యాజకుడికి చూపించుకోమన్నాడు.

3. పరామర్శకు వచ్చేవాళ్లు తక్కువ మాట్లాడి ఎక్కువసేపు కూర్చోవడం నేర్చుకోవాలి. ఏలీయా చనిపోతే బాగుండునని బదరీవృక్షం కింద పడుకుంటే దూత ప్రసంగం చేయలేదు, రెండుసార్లు లేపి తినమన్నాడు, మధ్యలో పడుకోనిచ్చాడు. మా ఇంటికి అలా వచ్చిన ఒక అక్క ఉంది. ఆమె ఒక్క వచనం కూడా చెప్పలేదు. నేను రెండు గంటలు నిద్రపోయేదాకా ఆయన పక్కన కూర్చుని, డయాలసిస్ రోజుల్లో పిల్లల్ని చూసుకునేది. నాలుగేళ్లలో నేను అందుకున్న గొప్ప పరిచర్య అదే.

4. ఆరాధనలో మొరకు చోటివ్వండి. నెలకు ఒక్కసారైనా ఒక మొర కీర్తన చదవండి, చదివాక వెంటనే సంతోషం పాట అందుకోకుండా ఒక్క నిమిషం ఆగండి. "ఏడ్చువారితో ఏడువుడి" అన్నది సలహా కాదు కదా, ఆజ్ఞ. గెత్సేమనేలో "నా ప్రాణము మరణమగునంతగా దుఃఖములో మునిగియున్నది" అని ప్రభువే తన శిష్యులతో అన్నాడు. ఆ రాత్రి ఆయన వాళ్లను అడిగింది తనతో మెలకువగా ఉండమనే.

5. సాక్ష్యాల సమయంలో ఇంకా ఎదురుచూస్తున్నవాళ్లకు కూడా మైక్ ఇవ్వండి. అగ్నిగుండం ముందు నిలబడి ఆ ముగ్గురు యువకులు "ఒకవేళ ఆయన రక్షింపకపోయినను" అన్నారు చూడండి, అది బయటికి వచ్చాక చెప్పింది కాదు, లోపలికి వెళ్లకముందు చెప్పింది. అలాంటి మాటలు చెప్పగలిగినవాళ్లు మీ సంఘంలో ఇప్పుడే ఉన్నారు, వెనక వరసల్లో.

ఈ లేఖ చదివి నన్ను తిరుగుబాటుదారు అనుకునేవాళ్లు ఉంటారని తెలుసు. నేను ఎక్కడికీ వెళ్లిపోవడం లేదు. ఈ సంఘంలోనే బాప్తిస్మం తీసుకున్నాను, ఇక్కడే మా ఆయనను భూస్థాపన చేశాం. సమాధి దగ్గర మీరు చేసిన ప్రార్థనకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను. అందుకే మీరు వినాలని ఇంతగా పట్టుబడుతున్నాను.

వచ్చే ఆదివారం సాక్ష్యాల సమయంలో నేను చెయ్యి ఎత్తుతాను. నా దగ్గర స్వస్థత కథ లేదు. చేతిలో ఆ జివ్వుమనే చప్పుడు ఆగిపోయిన రోజు పొద్దున కూడా "ప్రభువా, నేను ఇక్కడే ఉన్నాను" అన్న ఒక మనిషి గురించి చెప్పాలి. అయిదు నిమిషాలు చాలు. మైక్ నా దాకా రానివ్వండి.

ఇట్లు,
మీ సంఘంలోని ఒక సోదరి